తూనీగ ఎక్కిన గానుగవాడు

శంఖసరస్సు మీద సూర్యోదయమంటే ఆకాశాన పోయే దేవతలు కూడా ఆగి చూడవలసిన వేడుక. పగడాల పొడి చల్లినట్టు ఎర్రబారిన నీళ్ళు. ఆ నీళ్ళ నడుమ నుంచి మబ్బుల దాకా లేచిన మూడు తెల్లరాతి స్తంభాలు. ఒక్కొక్క స్తంభం మీద శంఖం పట్టుకుని నిలబడ్డ భటుడు. ఒడ్డు పొడుగునా మూడు రాజ్యాల పతాకాలు, పట్టు గొడుగులు, ఏనుగుల మీద అంబారీలు, ఇసక వేస్తే రాలనంత జనం. అందరి కళ్ళూ రత్నవేదిక మీదనే. అక్కడ, దూసిన కత్తుల కావలి మధ్య, మూరెడెత్తు గరుడకలశం నిప్పుకణికలా మెరిసిపోతోంది.

ఇంతటి శోభను వర్ణించాలంటే మహాకవులు దిగిరావాలి. దాన్ని కళ్ళారా చూసే అదృష్టం పట్టిన పోలన మాత్రం ఆ వేళకి ఒక గుడారం వెనక వంగి వాంతి చేసుకుంటున్నాడు.

పోలన వెన్నెలదుర్గంలో గానుగవాడు. ఆముదం ఆడతాడు, కుండలకెత్తుతాడు, రాజుగారి వాహనశాలకి మోస్తాడు. ఎత్తులంటే అతనికి పుట్టుభయం. ఒకసారి పంతానికి పోయి తాటిచెట్టెక్కి, దిగలేక, సగం ఊరిచేత నిచ్చెనలు మోయించిన ఘనుడు. అలాంటివాడి ఒంటి మీద ఈ పొద్దున బంగారు కవచం ఉంది, నెత్తిన ముత్యాల తలపాగా ఉంది, ముఖానికి యువరాజుల వెండి ముసుగు ఉంది. ముసుగు పైకెత్తకుండా కక్కడం ఎంత కష్టమో అతనికి అప్పుడే తెలిసొచ్చింది.

"అయిందా నాయనా?" అంది వెనక నుంచి ఓబులమ్మ. డెబ్భయ్యేళ్ళ వడ్రంగి. వెన్నెలదుర్గం తరఫున పందేనికి దిగే గాలిబండిని చెక్కింది ఆవిడే. "అయితే మూతి తుడుచుకుని రా. రాజవంశీకులు చేత్తో తుడుచుకోరు, ఇదిగో రుమాలు."

"అవ్వా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"ఇంకా నేల మీదనే ఉన్నావురా! పైకెళ్ళాక తిప్పుకో, అక్కడ తిరగడానికి చోటెక్కువ."

ఓబులమ్మ చంకలో ఒక కోడిపుంజును ఇరికించుకుని ఉంది. ఎర్రటి జుట్టు, నెమలికంఠం రంగు తోక, ప్రపంచమంతా తన పాదాల కిందనే ఉన్నట్టు చూసే చూపు. ఆ పుంజే వెన్నెలదుర్గం యువరాజు కీర్తిసేనుడు. ఆ వేకువన పువ్వులమ్మే ముసలిది ఒకతి వచ్చి "విజయోస్తు" అంటూ చామంతి దండ వేసింది. యువరాజు "తథాస్తు" అనబోయి "కొక్కొరొకో" అన్నాడు. పువ్వులమ్మి మాయమైంది, మాట మాత్రం యువరాజుకు ఒక్క గడియలో తిరిగొచ్చింది. రూపం రాలేదు. అది ఎవరి పనో చెప్పడానికి జ్యోతిష్కులు అక్కర్లేదు. కాకోలపురం సింహాసనాన్ని రెండేళ్ళ కిందట కాజేసిన మాంత్రికుడు ధూమ్రశిఖుడిది.

ఈ గొడవంతా ఆ కలశం కోసం. అందులో ఉన్నది నైరుతి గాలి. పూర్వం మూడు రాజ్యాల రాజులూ వానల కోసం కొట్టుకుచస్తుంటే ఒక ముని విసిగిపోయి, గాలిని పట్టి కలశంలో బంధించి, ఒక శాసనం చెక్కించాడు. ఏటా ఆకాశంలో పందెం జరగాలి. మూడు స్తంభాల చుట్టూ మూడు చుట్లు. గెలిచిన రాజ్యం ఆ ఏడాది కలశాన్ని ఏలుకుంటుంది, జ్యేష్ఠంలో మూత తీసి ఎటు తిప్పితే మేఘాలు అటు పోతాయి. వరసగా మూడేళ్ళు గెలిస్తే కలశం శాశ్వతంగా వాళ్ళదే. కిందటి రెండేళ్ళూ ధూమ్రశిఖుడే గెలిచాడు. ఆ రెండేళ్ళూ వెన్నెలదుర్గంలో చుక్క వాన లేదు. వరి పోయింది, జొన్న పోయింది, ఆఖరికి ఉలవలు కూడా మొహం చాటేశాయి. నీళ్ళడగని ఆముదపు చెట్టొక్కటే నిలబడింది. దేశమంతా ఎండిపోయి గానుగ మాత్రం ఆడుతున్న ఆ రోజుల్లో తన అదృష్టానికి తానే సిగ్గుపడ్డవాడు పోలన.

"శాసనం నేను చదివాను," అంది ఓబులమ్మ, అతణ్ణి రెక్క పట్టుకుని నడిపిస్తూ. "సింహాసనం ఎక్కినవాడో, ఎక్కబోయేవాడో బండిలో ఉండాలని రాసుంది. ఆ ఉన్నవాడికి ఈకలుండకూడదని ఎక్కడా రాసిలేదు. తాడు పట్టేది ఎవరన్నదీ రాసిలేదు. కానీ పుంజు వారసుడా కాదా అని పండితులు తేల్చేలోపు కలశం కాకోలపురం చేరుతుంది. అందుకే నీకీ వేషం. ఆరు నెలల నుంచి ఇరుసుకు ఆముదం పోస్తూ నేను యువరాజుకు చెప్పిందంతా విన్నావు. ఒడ్డూ పొడుగూ సరిపోయావు. ఇంకెవరున్నార్రా నాకు?"

"ధైర్యం గలవాళ్ళు, అవ్వా."

"వాళ్ళకి కవచం పట్టలేదు," అంది ఓబులమ్మ.

కోడిపుంజు గొంతు సవరించుకుంది. "ఓరీ గానుగవాడా! నా కవచానికి ఆముదం అంటిందో, నీ తల తీయిస్తాను."

"చిత్తం ప్రభూ," అన్నాడు పోలన. అప్పటికే మోచేతి దాకా అంటింది.

ఆ గాలిబండి, తూనీగ, ఒడ్డున సిద్ధంగా ఉంది. వెదురు బద్దల ఎముకలు, వాటి మీద పట్టుగుడ్డ, ఒకదానిపైన ఒకటిగా రెండు జతల రెక్కలు, ముక్కు మీద టేకు తెడ్లచక్రం. చక్రాన్ని తిప్పేది కడుపులోని ఉక్కుచుట్ట. తెల్లవారుజాము నుంచి పోలన సొంత గానుగెడ్లే తిరిగి తిరిగి దాన్ని బిగించాయి. చుట్ట విప్పుకుంటుంటే ఇరుసు నిప్పులు కక్కుతుంది గనక దాని మీద ఆముదం ధారగా పడుతూనే ఉండాలి. ఇదంతా బాగానే ఉంది. అయితే అంత వేగంగా తిరిగే చక్రం ఆ ఆముదాన్ని ఏం చేస్తుందో ఓబులమ్మ చెప్పలేదు. పోలన అడగనూ లేదు.

పక్కన సింధుమేఖల రాజ్యపు రాజహంస నిలబడి ఉంది. చందనపు కర్రతో చెక్కింది, కాళ్ళతో తొక్కి నడిపేది. దాని మీద యువరాణి కురంగి నడుము బిగించి కూర్చుని, గాలి ఎటు వీస్తోందో వేలు తడుపుకుని చూసుకుంటోంది. ఆ పక్కన గబ్బిలం. నల్లతోలు రెక్కలు, ఇనప గోళ్ళు. వాహనం వీపు మీద నిలబడి పగ్గాలు పట్టుకున్న ధూమ్రశిఖుడి జటల నుంచి సన్నగా పొగ లేస్తోంది. అతని వెనక ఒక పెద్ద జాడీ. సుడిగాలిని అందులో కూరి, బిరడా బిగించి, బిరడాకు గొలుసు కట్టాడు. జాడీకి వెనకవైపున్న సన్నటి చిల్లులోంచి ఆ గాలి బుసకొట్టి తోస్తుంటే గబ్బిలం ముందుకు పోతుంది.

"ఏం యువరాజా, పొద్దున కూత బాగా వినిపించింది!" అని ధూమ్రశిఖుడు పళ్ళికిలించాడు.

పోలన సింహగర్జన లాంటి జవాబు ఒకటి ఇవ్వాలనుకున్నాడు. ముసుగులోంచి వెక్కిళ్ళు మాత్రం వచ్చాయి.

భేరి మోగింది.

ఓబులమ్మ ఉక్కుచుట్టను పట్టి ఉంచిన కొలికి లాగింది. తూనీగ ఒళ్ళంతా వణికి, గంగవెర్రులెత్తిన దూడలా ఇసక మీద గంతులు వేసి, నీళ్ళ అంచుదాకా పోయి, అక్కడ ఇంక నేల లేదని తెలిశాక పైకి లేచింది. మరుక్షణం గిన్నెడు ఆముదం వచ్చి పోలన ముఖాన కొట్టింది. ముసుగు కన్నాల్లోంచి కళ్ళలోకి, నోట్లోకి. అరిచేందుకు నోరు తెరిచాడు, మరో గుక్కెడు లోపలికి పోయింది. పుట్టిన దగ్గర నుంచి అందరికీ ఆముదం తాగించిన వంశం తమది. ఆ పాపం ఈరోజుకి ఇలా పండింది.

"ఎడమ తాడు! ఎడమ తాడు లాగరా మొద్దూ!" కాళ్ళ దగ్గర బుట్టలోంచి యువరాజు అరిచాడు.

ఎడమ తాడు లాగాడు. తూనీగ పక్కకు ఒరిగి, మొదటి స్తంభానికి జానెడు దూరంలో నుంచి దూసుకుపోయింది. పైనున్న భటుడు ప్రాణభయంతో శంఖం ఊదాడు. ఒడ్డున జనం "ఆహా, యువరాజుగారి చాతుర్యం!" అని ఈలలు వేశారు. చాతుర్యమో చావు తప్పడమో పోలనకు కూడా తెలియలేదు.

మొదటి చుట్టు పూర్తయ్యేసరికి గబ్బిలం ముందుంది, దాని వెనక రాజహంస, చిట్టచివర ఆముదం కక్కుతూ తూనీగ. రెండో చుట్టులో మూడో స్తంభం దగ్గర పడుతుండగా ధూమ్రశిఖుడు వెనక్కి తిరిగి గుప్పెడు బూడిద గాల్లోకి విసిరాడు. అంతే! అసలు స్తంభానికి ఎడమపక్కన అచ్చం అలాంటిదే మరో స్తంభం లేచింది. అదే తెల్లరాయి, అదే ఎత్తు, పైన శంఖం పట్టుకున్న భటుడు. అసలు స్తంభం మీద మాత్రం పొగమంచు కమ్ముకుంది.

కురంగి దాన్ని నమ్మింది. రాజహంస ఎడమవైపు తిరిగింది. బూడిద స్తంభంలోంచి దూసుకుపోయి, దాని వెనకున్న కొండరాళ్ళకు రెక్క తగిలి ఫెళ్ళున విరిగి, గిరికీలు కొడుతూ నీళ్ళలో పడింది.

"ఎడమకి! స్తంభం ఎడమకుంది!" అన్నాడు కీర్తిసేనుడు.

"శంఖం కుడివైపు మోగుతోంది ప్రభూ."

"నేను కళ్ళారా చూస్తున్నానురా!"

"అదే నాకు లేని భాగ్యం," అన్నాడు పోలన. రెండు కళ్ళూ ఆముదంతో అంటుకుపోయి అతనికి అసలు స్తంభమూ కనబడలేదు, మాయస్తంభమూ కనబడలేదు. గబ్బిలం అప్పుడే చుట్టి వెళ్ళినందుకు నిజమైన భటుడు ఊదిన శంఖం మాత్రం వినబడింది. బూడిదతో చేసిన భటుడికి ఊపిరెక్కడిది? పోలన చెవినే నమ్ముకుని కుడి తాడు లాగాడు. తూనీగ అసలు స్తంభాన్ని చుట్టి బయటపడింది. చూడ్డానికి వీల్లేనివాణ్ణి మాయలో ముంచడం ఏ మాంత్రికుడికీ సాధ్యం కాదని ఆరోజు రుజువైంది.

ముసుగు పైకి తోసి, తలపాగా కొసతో కళ్ళు తుడుచుకుని కిందికి చూశాడు. చందనపు ముక్కల నడుమ కురంగి ఈదుతోంది. చీరకొంగు విరిగిన రెక్కలో చిక్కుకుని ఆమెను కిందికి లాగుతోంది. రాళ్ళ మీద ఎండకాగుతున్న మొసళ్ళు ఒకటొకటే నీళ్ళలోకి జారుతున్నాయి.

"ముందుకు పో!" అన్నాడు కీర్తిసేనుడు. అని, తానూ కిందికి చూశాడు. "గబ్బిలం ఇప్పటికే అరకోసు పోయింది గానుగవాడా. ఆగితే మనకింక వానలు లేవు."

"తెలుసు ప్రభూ."

ఆలోచిస్తే భయపడతానని తెలుసు గనక పోలన ఆలోచించలేదు. నడిమి తాడు వదిలాడు. తూనీగ గద్దలా కిందికి వాలింది. ఆముదపు కుండలు కట్టే మోకు ఒకటి విప్పి, ఒక కొస ఇరుసు దూలానికి ముడేసి, రెండోది జారవిడిచాడు. కురంగి దాన్ని అందుకుంది. నడుముకున్న చురకత్తితో కొంగు కోసుకుంది. తూనీగ పైకి లేస్తుంటే ఆమె కాళ్ళ కింద రెండు దవడలు టపీమని మూసుకున్నాయి. మొసలికి దొరికింది చీరచెంగు మాత్రమే.

ఆమె మోకు పట్టుకుని ఎగబాకి వచ్చి పోలన పక్కన కూలబడింది. నిలువునా కారుతున్న నీళ్ళు, గసపోసుకుంటున్న ఊపిరి. ముసుగు లేని అతని ముఖం చూసింది. బుట్టలోని పుంజును చూసింది.

"నువ్వు కీర్తిసేనుడివి కాదు!"

"నేనే కీర్తిసేనుణ్ణి," అంది పుంజు.

"ఇతనెవరు మరి?"

"పోలన అంటారమ్మా. ఆముదం అమ్ముతాను."

"ఈ బండి నడుపుతున్నది నువ్వా?"

"అది నడుస్తోందమ్మా. నేను ఆపట్లేదు, అంతే."

కురంగి అతణ్ణి పక్కకు తోసి తాళ్ళు చేతికి తీసుకుంది. మూడు తాళ్ళనూ ఒక్కొక్కసారి లాగి, వదిలి, తూనీగ గుణం కనిపెట్టింది. గుర్రాన్ని లొంగదీసేవాళ్ళు అలాగే చేస్తారు. "బండి బంగారం," అంది. "బరువే ఎక్కువైంది. దించు!"

బంగారం దించమంటే పోలనకు ఒకటే తోచింది. కవచం విప్పి విసిరాడు. తలపాగా, భుజకీర్తులు, రత్నాల ఒరతో సహా కత్తి, వెండి ముసుగు, అన్నీ సరస్సులో పడ్డాయి. ఆఖరికి గోచీ మీద, ఒళ్ళంతా ఆముదంతో తళతళలాడుతూ, లక్షమంది ఎదుట ఆకాశంలో కూర్చున్నాడు. జనం ఘొల్లుమన్నారు. "అయ్యో, ఇది మన గానుగ పోలన కదా!" అని ఎవరో గుర్తుపట్టారు. తాటిచెట్టు రోజున నిచ్చెన మోసినవాడే అయ్యుంటాడు.

"నా తాతగారి కవచం!" అని కీర్తిసేనుడు విలపించాడు.

తూనీగ తేలికపడింది. కురంగి చేతిలో అది నిజంగా తూనీగే అయింది. స్తంభాన్ని ఒరుసుకుంటూ మలుపు తిరగడం, నీళ్ళను తాకేలా వాలి వేగం పుంజుకోవడం, మళ్ళీ లేవడం. మూడో చుట్టులో మొదటి స్తంభం దాటేసరికి గబ్బిలం తోక కనిపించింది. రెండోది దాటేసరికి దాని గోళ్ళు కనిపించాయి. మూడోది దాటి, పందెం ముగిసే పూలతోరణం వైపు తిరిగాక రెండు వాహనాలూ రెక్కకు రెక్క ఆనించి పోతున్నాయి. పోలన కడుపులో ఆముదం తన ధర్మం తాను నెరవేర్చడం మొదలుపెట్టింది. పందెం త్వరగా ముగియాలని ఆ క్షణంలో అతనంత గట్టిగా కోరుకున్నవాడు మూడు రాజ్యాల్లోనూ లేడు.

ధూమ్రశిఖుడు పెదవులు కదుపుతూ చెయ్యి పైకెత్తాడు. వేళ్ళ చివర్ల నుంచి నీలిమంట లేస్తోంది. దాన్ని ఈ పట్టురెక్కల మీద విసిరితే చాలు.

"ఏదైనా చెయ్!" అంది కురంగి. ఆమె రెండు చేతులూ తాళ్ళ మీదనే ఉన్నాయి.

చెయ్యడానికి పోలన దగ్గర ఏముంది? ఒక్క కుండ మిగిలింది. అది ఇరుసుకు కావలసిన ఆఖరి కుండ. పోసేస్తే తోరణం చేరేలోపు ఇరుసు కాలిపోతుంది. పోయకపోతే తామే కాలిపోతారు. రెండు చేతులా కుండ ఎత్తి ధూమ్రశిఖుడి తల మీదికి బలంకొద్దీ విసిరాడు.

గురి తప్పింది. మాంత్రికుడి తలకు తగలవలసిన కుండ అతని పాదాల దగ్గర పగిలింది. తప్పిన గురి ఇంత మేలు చేయడం లోకంలో అరుదు. నున్నటి తోలు మీద చిక్కటి ఆముదం పరుచుకుంది. ధూమ్రశిఖుడి ఎడమ కాలు ఒక దిక్కుకు పోయింది, కుడి కాలు మరో దిక్కుకు పోయింది, మంత్రం సగంలో తెగి "అమ్మో" అయింది. జారుతూ జారుతూ చేతికి దొరికినదాన్ని పట్టుకున్నాడు. అది జాడీ బిరడా గొలుసు.

బిరడా ఊడింది. జాడీలోని సుడిగాలి ఒక్కసారిగా బయటికి తన్నింది. గబ్బిలం ఇంటికప్పు ఎగిరినట్టు నిట్టనిలువునా ఎగిరి మబ్బుల్లో కలిసిపోయింది. తూనీగ ఇరుసు పొగలు కక్కుతూ, తెడ్లచక్రం కీచుమంటూ, పూలతోరణాన్ని ముక్కుతో తెంపుకుని అవతలికి దూసుకుపోయింది.

భేరులు మోగాయి. "వెన్నెలదుర్గం!" అని జనం ఎలుగెత్తారు. కింద ఓబులమ్మ ఇసకలో కూలబడి పిడికిళ్ళతో నేల కొట్టుకుంటూ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

అయితే చెర వీడిన సుడిగాలికి పందెం అయిపోయిందని ఎవరు చెబుతారు? అది ఒడ్డు మీద పడింది. గొడుగులు లేచాయి, పతాకాలు లేచాయి, గుడారాలు లేచాయి. రత్నవేదిక మీది గరుడకలశం కూడా లేచింది. గిరగిరా తిరుగుతూ తూనీగ పక్క నుంచే పైకి పోతోంది.

"కలశం!" అంది కురంగి.

పోలన చెయ్యి చాచాడు. అందింది. అందిన ఆనందంలో తాను కూర్చున్న పీటకి కూడా తన ఒంటికున్నంత ఆముదం అంటి ఉందన్న సంగతి మరిచాడు. సర్రున జారి బయటపడ్డాడు. కీర్తిసేనుడు బుట్టలోంచి ఎగిరి అతని జుట్టు కాళ్ళతో పట్టుకున్నాడు. కాపాడదామనో, కలశాన్ని ఒంటరిగా వదలలేకనో. పోలన కలశాన్ని రెండు చేతులా కావిలించుకున్నాడు. సుడిగాలి కలశంతో సహా ఇద్దరినీ ఆకాశంలోకి ఈడ్చుకుపోయింది. కింద కురంగి కాలుతున్న తూనీగను నీళ్ళ మీదికి దించుతూ ఏదో కేక వేసింది. వినబడలేదు.

కొంతసేపటికి సుడిగాలి అలిసిపోయి, వాళ్ళను వదిలేసి, తన దారిన తాను పోయింది. కింద పడతామని పోలన కళ్ళు మూసుకున్నాడు. పడలేదు. కలశం తేలుతోంది. దాని కడుపులో ఉన్నది గాలి కదా! కిందెక్కడో పేరు తెలియని కొండలు చీమలపుట్టల్లా ఉన్నాయి. దూరంగా ఒక నల్లచుక్క తమ వైపే వస్తోంది. గబ్బిలం. ధూమ్రశిఖుడు చచ్చిపోలేదు. జాడీ అడుగున కాస్త గాలి మిగిలే ఉంది.

అప్పుడు కలశంలోంచి ఎవరో తట్టారు.

"ఎవరది?" అంది లోపలి గొంతు. నేల తడిసినప్పటి వాసన వేసింది. "రాజువా?"

"కాదండీ. గానుగవాణ్ణి."

"నాలుగువందల ఏళ్ళలో ఈ మూత మీద రాజుల చేతులే పడ్డాయి. అందరూ ఎటు పొమ్మంటే అటు పోయాను. గానుగవాడా, నువ్వెటు పొమ్మంటావు?"

"నాకేం తెలుసండీ? పైకి పొమ్మంటే కిందికి వచ్చేవాణ్ణి నేను. తమరికి ఎటు పోవాలనుంది?"

"అన్ని పొలాల మీదికీ," అంది గాలి.

గబ్బిలం రెక్కల చప్పుడు వినిపిస్తోంది. ధూమ్రశిఖుడి చేతిలో మళ్ళీ నీలిమంట లేచింది.

"వద్దురా!" అన్నాడు కీర్తిసేనుడు, జుట్టు మరింత గట్టిగా పట్టుకుని. "మూత తీస్తే గాలి పోతుంది. గాలి పోతే మనం పడతాం. తెలుస్తోందా నీకు?"

పోలన కిందికి చూశాడు. చూడకుండా ఉండవలసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభూ, తమరికి రెక్కలున్నాయి కదా, ఒకసారి ఆడించి చూడండి," అని, మూత తిప్పాడు.